స్వేలో క్లిప్‌హిస్ట్, గ్నోమ్‌లో జీపేస్ట్: కాపీ హిస్టరీని టెర్మినల్ నుంచి నడపడం

మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో నాలుగు ఉన్నాయి. ఇంట్లో లైనక్స్‌లో స్వే అనే డెస్క్‌టాప్ మీద, కాపీ చేసినవన్నీ రాసుకునే క్లిప్‌హిస్ట్ అనే ప్రోగ్రాము పెట్టుకున్నారు. బాగానే నడుస్తోంది కానీ ఎడిటర్ మూసేయగానే చివర కాపీ చేసింది పేస్ట్ కావడం లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, దాని మీద గ్నోమ్ డెస్క్‌టాప్. అక్కడ అవే కమాండ్లు కొడితే వాచ్ మోడ్ (కొత్త కాపీ కోసం కనిపెట్టుకుని ఉండటం) కుదరదని ఎర్రర్ వస్తోంది. పాస్‌వర్డులు కూడా హిస్టరీలో పడుతున్నాయేమోనని టెన్షన్. చివరిది, తెలుగు వాక్యాలు జాబితాలో వత్తులు ఊడిపోయి కనిపిస్తున్నాయి. నాలుగో దాన్ని పక్కన పెడితే మొదటి మూడింటికీ మూలం ఒకటే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందే ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. క్లిప్‌బోర్డ్_స్టేట్, సీఎం_తో మొదలయ్యే వేరియబుల్ పేర్లు మాత్రం పెద్దక్షరాల్లో. గీతలు, నిలువు గీతలు ఉన్నవి ఉన్నట్టే. డబ్ల్యూఎల్ అని రాసిన చోట ఆ రెండు అక్షరాలే.

లైనక్స్ డెస్క్‌టాప్‌లో కంట్రోల్-సీ నొక్కితే ఆ పాఠం ఎక్కడికో వెళ్లి భద్రంగా కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. అది ఎక్కడికీ వెళ్లదు. కాపీ చేసిన ప్రోగ్రాము "నా దగ్గర ఒకటుంది, కావాలంటే అడగండి" అని ప్రకటిస్తుంది, అంతే. మీరు ఇంకో విండోలో కంట్రోల్-వీ నొక్కినప్పుడు ఆ రెండో ప్రోగ్రాము మొదటి దాన్ని అడుగుతుంది, అప్పుడు డేటా కదులుతుంది. తెర మీద విండోలు నడిపే పాత వ్యవస్థ ఎక్స్11లో ఐసీసీసీఎం అనే పాత ఒప్పందం నాటి నుంచీ ఇదే పద్ధతి. దాని స్థానంలో వేల్యాండ్ వచ్చాక మధ్యవర్తి మారాడు కానీ ఏర్పాటు మారలేదు. ఇచ్చేవాడు బతికి ఉంటేనే ఇవ్వగలడు. ఎడిటర్ మూసేశారంటే ఇచ్చేవాడు పోయాడు, కంట్రోల్-వీకి జవాబు చెప్పేవాళ్లు లేరు.

ఇలా ఎందుకు పెట్టారంటే, ఒకే కాపీని చాలా రూపాల్లో ఇవ్వొచ్చు. బ్రౌజర్‌లో ఒక పేరా కాపీ చేస్తే అది మామూలు పాఠంగానూ హెచ్‌టీఎంఎల్‌గానూ సిద్ధంగా ఉంటుంది. తీసుకునేవాడికి ఏది కావాలంటే అది. ఎవరూ అడగకముందే అన్ని రూపాలూ తయారుచేసి ఎక్కడో దాచడం దండగ ఖర్చు. మీ స్వే మెషీన్లో ఏదైనా కాపీ చేసి, క్లిప్‌బోర్డ్‌ని చదివే కమాండ్ డబ్ల్యూఎల్-పేస్ట్ --లిస్ట్-టైప్స్ కొట్టి చూడండి, ఎన్ని రూపాలు వరసగా వస్తాయో తెలుస్తుంది. కింద చెప్పబోయే చాలా సంగతులు ఆ జాబితా ఒకసారి చూస్తే వాటంతటవే అర్థమవుతాయి.

ఇప్పుడు హిస్టరీ మేనేజర్ చేసే పని ఏమిటో చూడండి. కొత్త ప్రకటన వచ్చిన ప్రతిసారీ, మీరు పేస్ట్ చేసినా చేయకపోయినా, తనే వెళ్లి అడిగి తీసుకుని ఒక ఫైల్లో రాసుకుంటుంది. అంతకుమించి ఏమీ లేదు. దీన్నుంచి మూడు విషయాలు తేలతాయి. అది రాసుకున్న కాపీ వేరు, ప్రస్తుత క్లిప్‌బోర్డ్ వేరు. అది అడగాలంటే కంపోజిటర్, అంటే విండోలను తెర మీద పేర్చే ప్రోగ్రాము, అనుమతించాలి. అనుమతి ఉన్నచోట అది అన్నీ అడుగుతుంది, మీ బ్యాంకు పాస్‌వర్డుతో సహా.

మొదటి దాని సంగతి. ఎడిటర్ మూసేశాక కంట్రోల్-వీ పనిచేయకపోయినా మీ పాఠం పోలేదు, క్లిప్‌హిస్ట్ దగ్గర ఉంది. జాబితా తెరిచి పైనున్నది ఎంచుకుంటే మళ్లీ క్లిప్‌బోర్డ్‌లోకి వస్తుంది. ప్రతిసారీ అది విసుగనిపిస్తే డబ్ల్యూఎల్-క్లిప్-పర్సిస్ట్ అనే చిన్న ప్రోగ్రాము పక్కన నడపండి. కాపీ జరగ్గానే అన్ని రూపాలూ తనే తీసుకుని, అసలు ప్రోగ్రాము స్థానంలో తను యజమానిగా నిలబడుతుంది. దానికి --క్లిప్‌బోర్డ్ రెగ్యులర్ అని చెప్పండి. ప్రైమరీని, అంటే మౌస్‌తో పాఠాన్ని ఎంచి మధ్య బటన్‌తో అతికించే దాన్ని, దానికి అప్పగించకండి. కొన్ని ప్రోగ్రాముల్లో ఎంపిక మధ్యలోనే చెదిరిపోతుంది.

స్వే కాన్ఫిగ్‌లో నేను పెట్టమనేవి ఇవి:

ఎగ్జెక్ డబ్ల్యూఎల్-పేస్ట్ --టైప్ టెక్స్ట్ --వాచ్ క్లిప్‌హిస్ట్ స్టోర్
ఎగ్జెక్ డబ్ల్యూఎల్-పేస్ట్ --టైప్ ఇమేజ్ --వాచ్ క్లిప్‌హిస్ట్ స్టోర్

రెండు వరసలెందుకంటే, బ్రౌజర్‌లో బొమ్మ మీద కుడి క్లిక్ చేసి కాపీ చేసినప్పుడు బొమ్మతోపాటు హెచ్‌టీఎంఎల్ ముక్క కూడా వస్తుంది. ఏ రూపం కావాలో చెప్పకపోతే ఆ ముక్క చేతికొచ్చి బొమ్మ తప్పిపోవచ్చు. దీనికీ ఒక ఖర్చుంది. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో నాలుగు గడులు కాపీ చేస్తే అది పాఠంగానూ బొమ్మగానూ ఇస్తుంది కాబట్టి హిస్టరీలో రెండు ఎంట్రీలు పడతాయి. రోజంతా కాల్క్‌లోనే ఉండేవాళ్లు రెండో వరస తీసేసుకోవడం మేలు.

ఎగ్జెక్ బదులు ఎగ్జెక్_ఆల్వేస్ మాత్రం రాయకండి. స్వే కాన్ఫిగ్ రీలోడ్ చేసిన ప్రతిసారీ ఇంకో కాపలాదారు పుట్టుకొస్తాడు, పాతవాడు పోడు. ఒకే కాపీని నలుగురైదుగురు రాస్తుంటారు. క్లిప్‌హిస్ట్ పునరుక్తులు తీసేస్తుంది కాబట్టి జాబితాలో తేడా తెలియదు కూడా. ఎప్పుడైనా అనుమానం వస్తే ప్రాసెస్ జాబితాలో డబ్ల్యూఎల్-పేస్ట్ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. హైప్రల్యాండ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఎగ్జెక్-వన్స్ ఉంది, ఈ బాధ లేదు.

జాబితా తెరవడానికి ఒక మీటకు కట్టాల్సిన కమాండ్ (రోఫీ అంటే జాబితా చూపించి ఒకటి ఎంచుకోనిచ్చే ప్రోగ్రాము):

క్లిప్‌హిస్ట్ లిస్ట్ | రోఫీ -డీమెనూ -డిస్‌ప్లే-కాలమ్స్ 2 | క్లిప్‌హిస్ట్ డీకోడ్ | డబ్ల్యూఎల్-కాపీ

లిస్ట్ ఇచ్చే ప్రతి వరసలో ముందు ఒక సంఖ్య, తర్వాత ట్యాబ్, ఆ తర్వాత పాఠం మొదటి భాగం ఉంటాయి. డీకోడ్‌కి కావలసింది ఆ సంఖ్యే. చూడ్డానికి బాగా లేదని మధ్యలో దాన్ని కత్తిరించి పారేస్తే డీకోడ్‌కి ఏం వెతకాలో తెలియదు, తిరగబడుతుంది. అందుకే రోఫీకి "రెండో నిలువు వరస మాత్రమే చూపించు" అని చెప్తున్నాం. కనిపించదు కానీ వరస మొత్తం ముందుకు వెళ్తుంది. మీట ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. సూపర్-వీ స్వేలో ముందే విండోని నిలువుగా విడగొట్టడానికి ఉంది. సూపర్-షిఫ్ట్-వీ ఖాళీగా ఉంటుంది, అది పెట్టుకోండి.

ఎంచుకున్నాక పాఠం క్లిప్‌బోర్డ్‌లోకి వస్తుందే తప్ప తనంతట తను టైప్ కాదు. మళ్లీ కంట్రోల్-వీ నొక్కాలి. వెంటనే టైప్ అయ్యేలా చేసుకునే మార్గాలున్నాయి, నేను వద్దంటాను. తప్పు వరస మీద ఎంటర్ నొక్కడం చాలా తేలిక. మధ్యలో ఆ ఒక్క కంట్రోల్-వీ ఉంటే ఆగి చూసుకోవడానికి వీలుంటుంది. ముందున్న విండో పనిలో ఉన్న సర్వర్ టెర్మినల్ అయితే ఆ క్షణం విలువ మీకే తెలుస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. జాబితాలో చూపించేటప్పుడు క్లిప్‌హిస్ట్ ఖాళీలను, వరస విరుపులను అన్నిటినీ ఒక్కో ఖాళీగా కుదిస్తుంది, మొదటి 100 అక్షరాల దగ్గర ఆపేస్తుంది. డీకోడ్ చేసినప్పుడు మాత్రం అసలుది బైటు పొల్లుపోకుండా వస్తుంది. కాబట్టి జాబితాలో ఒక్క వరసలా కనిపించిన కమాండ్ పేస్ట్ చేశాక మూడు వరసలు కావొచ్చు, చివర ఎంటర్ కూడా ఉండొచ్చు. బాష్ 5.1 నుంచి బ్రాకెటెడ్ పేస్ట్ ముందే ఆన్‌లో ఉంటుంది కాబట్టి పేస్ట్ చేయగానే పరుగెత్తదు, మీరు ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది. పాత సర్వర్లలో ఆ భరోసా లేదు. అక్కడ పేస్ట్ చేసే ముందు డబ్ల్యూఎల్-పేస్ట్ అని లోకల్ టెర్మినల్లో కొట్టి అసలు ఏముందో చూసుకోండి. మీరే స్క్రిప్టు నుంచి క్లిప్‌బోర్డ్‌లోకి పంపేటప్పుడు డబ్ల్యూఎల్-కాపీకి --ట్రిమ్-న్యూలైన్ ఇస్తే చివరి విరుపు ఊడిపోతుంది.

ఇక్కడిదాకా చెప్పింది ఏ గ్రాఫిక్ క్లిప్‌బోర్డ్ మేనేజర్‌తోనైనా అవుతుంది. కమాండ్ లైన్ది ఎందుకు పెట్టుకోవాలి అంటే జాబితా మామూలు పాఠంలా పైపులోంచి వస్తుంది కాబట్టి. ఉదాహరణకు ఒక వెబ్ పేజీలోంచి ఎనిమిది ఎర్రర్ మెసేజీలు ఏరుకోవాలి. గ్రాఫిక్ మేనేజర్‌తో ఇటు కాపీ, అటు పేస్ట్ అని ఎనిమిదిసార్లు విండోలు మారాలి. ఇక్కడ ఎనిమిదీ వరసగా కాపీ చేసుకుంటూ పోయి, చివర్లో ఒకేసారి: క్లిప్‌హిస్ట్ లిస్ట్ | హెడ్ -8, అందులోంచి కట్ -ఎఫ్1తో సంఖ్యలు మాత్రం తీసుకుని, టాక్‌తో తిరగేసి, ఒక్కో సంఖ్యకీ క్లిప్‌హిస్ట్ డీకోడ్ నడిపించి ఒక ఫైల్లోకి పోయొచ్చు. తిరగేయడం మరవకండి, జాబితాలో కొత్తది పైన ఉంటుంది. కాపీ చేసిన స్క్రీన్‌షాట్ ఫైలుగా కావాలంటే హెడ్ -1ని డీకోడ్‌కి పంపి, వచ్చినదాన్ని పీఎన్‌జీ ఫైల్లోకి మళ్లించండి. నిన్న కాపీ చేసిన లింకు కావాలంటే గ్రెప్ ఉండనే ఉంది, కాకపోతే అది జాబితాలో కనిపించే మొదటి 100 అక్షరాల్లోనే వెతుకుతుంది. మౌస్ ముట్టుకోకుండా టెర్మినల్లోనే ఎంచుకోవాలనిపిస్తే రోఫీ స్థానంలో ఎఫ్‌జెడ్‌ఎఫ్ పెట్టండి. దానికి ట్యాబ్‌ని విడదీసే గుర్తుగా చెప్పి, --విత్-ఎన్‌టీహెచ్ 2 ఇస్తే సంఖ్య కనిపించకుండానే పని జరుగుతుంది.

క్లిప్‌హిస్ట్ మామూలుగా 750 ఎంట్రీలు దాస్తుంది. 5 ఎంబీ దాటిన వాటిని, ఉట్టి ఖాళీలను వదిలేస్తుంది. 750 చాలలేదని పెంచేవాళ్లను చూశాను. నా సలహా తగ్గించుకోమని. మొన్నటి నెలలో కాపీ చేసినదాని కోసం క్లిప్‌బోర్డ్‌లో వెతుకుతున్నామంటే అది ఎక్కడో నోట్సులో ఉండాల్సిన విషయం అన్నమాట. 100, 150 చాలు. కింద చెప్పేది చదివాక మీకూ అలాగే అనిపించవచ్చు.

పాస్‌వర్డుల గురించి మీ టెన్షన్ సరైనదే. క్లిప్‌హిస్ట్ డేటా మీ హోమ్‌లో డాట్-క్యాష్ కింద క్లిప్‌హిస్ట్ ఫోల్డర్లో డీబీ అనే ఒకే ఫైల్లో ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ ఏమీ లేదు. మీ యూజర్ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా దాన్ని చదవొచ్చు, ఇంటర్నెట్ నుంచి తెచ్చి నడిపిన ఏదో ఒక స్క్రిప్టుతో సహా. హోమ్ మొత్తం బ్యాకప్ తీసే అలవాటుంటే, డాట్-క్యాష్‌ని మినహాయించకపోతే, మీ కాపీలన్నీ ఆ బ్యాకప్ డిస్కులోకి కూడా వెళ్తున్నాయి.

పాస్‌వర్డ్ మేనేజర్లకు ఒక మర్యాద ఉంది. కీపాస్‌ఎక్స్‌సీ కాపీ చేసేటప్పుడు పాఠంతోపాటు "ఇది రహస్యం" అనే అదనపు రూపాన్ని కూడా ప్రకటిస్తుంది. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాళ్లు మొదలుపెట్టిన గుర్తు అది, పేరులోనే కేడీఈ, పాస్‌వర్డ్‌మేనేజర్‌హింట్ అని ఉంటాయి. కేడీఈలోని క్లిప్‌బోర్డ్ మేనేజర్ క్లిప్పర్ దాన్ని చూసి ఆ ఎంట్రీని హిస్టరీలో పెట్టుకోదు. మీ దగ్గర మాత్రం ఇది పనిచేయాలంటే ముగ్గురు సహకరించాలి. కాపీ చేసే ప్రోగ్రాము గుర్తు పెట్టాలి, డబ్ల్యూఎల్-పేస్ట్ దాన్ని చూసి క్లిప్‌బోర్డ్_స్టేట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో సెన్సిటివ్ అని రాయాలి, క్లిప్‌హిస్ట్ అది చదివి ఊరుకోవాలి. మీ డిస్ట్రోలో ఉన్న వెర్షన్లను బట్టి ఈ గొలుసు ఎక్కడైనా తెగొచ్చు. వాదన అక్కర్లేదు, పరీక్షించండి: కీపాస్‌ఎక్స్‌సీలో ఒక ఉత్తుత్తి ఎంట్రీ చేసి పాస్‌వర్డ్ కాపీ చేయండి, వెంటనే క్లిప్‌హిస్ట్ లిస్ట్ | హెడ్ -1 కొట్టండి. కనిపిస్తే తెగినట్టే. కీపాస్‌ఎక్స్‌సీ మామూలుగా 10 సెకన్లకు క్లిప్‌బోర్డ్‌ని తుడిచేస్తుంది కదా అని ధీమా పడకండి. అది తుడిచేది క్లిప్‌బోర్డ్‌ని, హిస్టరీ ఫైల్లో ఈపాటికే రాసేసుకున్నదాన్ని కాదు. పాస్ అనే కమాండ్ లైన్ మేనేజర్ 45 సెకన్లకు పాత క్లిప్‌బోర్డ్‌ని తిరిగి పెట్టడం కూడా అలాంటిదే.

తెగిన గొలుసుకు మందు ఒక చిన్న షెల్ స్క్రిప్టు. వాచ్ నేరుగా క్లిప్‌హిస్ట్ స్టోర్‌ని పిలవకుండా మీ స్క్రిప్టుని పిలిచేలా చేయండి. ఆ స్క్రిప్టు ముందు డబ్ల్యూఎల్-పేస్ట్ --లిస్ట్-టైప్స్ ఇచ్చే వరసల్లో పాస్‌వర్డ్‌మేనేజర్‌హింట్ ఉందేమో గ్రెప్ -క్యూఐతో చూడాలి (ఆ పేరులో పెద్దక్షరాలూ ఉన్నాయి, ఐ ఉంటే ఆ తేడా పట్టించుకోదు). ఉంటే ఎగ్జిట్ 0. లేకపోతే చివర్లో ఎగ్జెక్ క్లిప్‌హిస్ట్ స్టోర్. కాపీ చేసిన పాఠం స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో వచ్చి ఉంటుంది, మీ స్క్రిప్టు దాన్ని ముట్టుకోలేదు కాబట్టి క్లిప్‌హిస్ట్‌కి భద్రంగా చేరుతుంది. అదే స్క్రిప్టులో ఇంకో షరతు కలపండి: రన్‌టైమ్ డైరెక్టరీలో క్లిప్-పాజ్ అనే ఫైలుంటే కూడా ఎగ్జిట్ 0. స్వేలో ఒక మీటకు ఆ ఫైలుని సృష్టించే కమాండ్, ఇంకో మీటకు తీసేసే కమాండ్ పెట్టుకుంటే రికార్డింగ్ ఆపడం, మొదలుపెట్టడం మీ వేలి కింద ఉంటుంది. గుర్తు పెట్టే మర్యాద లేని ప్రోగ్రాములతో పని పడ్డప్పుడు అది కావాలి. అవి తక్కువేం కాదు. బ్రౌజర్ పేజీలోంచి చేత్తో ఎంచి కాపీ చేసే ఓటీపీ, ఆధార్ నంబర్, అమ్మ ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, వీటిలో దేనికీ రహస్యం అనే ముద్ర ఉండదు. మేనేజర్ దృష్టిలో అవీ సినిమా టికెట్ లింకూ ఒకటే.

ఇప్పటికే పడిపోయినవాటిని తీయడానికి రెండు దార్లు. జాబితాలో ఎంచి క్లిప్‌హిస్ట్ డిలీట్‌కి పంపొచ్చు, లేదా క్లిప్‌హిస్ట్ డిలీట్-క్వెరీ తర్వాత ఒక ముక్క ఇస్తే ఆ ముక్క ఉన్నవన్నీ పోతాయి. అయితే పాస్‌వర్డ్‌నే కమాండ్‌లో టైప్ చేస్తే అది బాష్ హిస్టరీలో కూర్చుంటుంది, ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో వేసినట్టు. డిలీట్ వాడండి.

డిలీట్ కూడా పూర్తిగా చెరపదు. క్లిప్‌హిస్ట్ లోపల వాడేది గో భాషలోని బోల్ట్ డేటాబేస్. అందులో ఒక ఎంట్రీ తీసేస్తే దాని పేజీని "ఖాళీ" అని గుర్తు పెట్టుకుంటుంది తప్ప సున్నాలతో నింపదు, ఫైలు సైజు కూడా తగ్గదు. తర్వాతి కాపీలు ఆ చోటు మీద పడేదాకా పాత బైట్లు అక్కడే ఉండొచ్చు. స్ట్రింగ్స్ కమాండ్‌తో ఆ డీబీ ఫైలు మీద వెతికితే చెరిపేశామనుకున్నది పైకి తేలే అవకాశం ఉంది. నిజంగా ముఖ్యమైనది పడిందనుకుంటే ఫైలునే ఆర్ఎం చేసేయండి. క్లిప్‌హిస్ట్ స్టోర్ ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాము కాదు, ప్రతి కాపీకి లేచి రాసి వెళ్లిపోతుంది. తర్వాతి కాపీకి కొత్త ఫైలు దానంతట అదే పుడుతుంది, ఏదీ చెడదు. ఆపైన ఆ పాస్‌వర్డ్ మార్చేయండి, ఎందుకంటే ఎస్ఎస్‌డీలో ఫైలు తీసేసినా బైట్లు ఎప్పుడు పోతాయో మన చేతిలో లేదు.

ఈ గొడవంతా ఎందుకు అనుకుంటే డేటాబేస్‌ని డిస్కు మీదే పెట్టకండి. /రన్/యూజర్/1000 లాంటి రన్‌టైమ్ డైరెక్టరీ మెమరీలో ఉండేది, మీ యూజర్ తప్ప ఎవరూ చూడలేనిది, లాగవుట్ అవగానే మాయమయ్యేది. క్లిప్‌హిస్ట్‌కి -డీబీ-పాత్ అని ఆ చోటు చూపిస్తే చాలు. రెండు జాగ్రత్తలు: ఈ మాట స్టోర్, లిస్ట్ లాంటి పదాలకు ముందు రావాలి, తర్వాత రాస్తే లెక్కలోకి తీసుకోదు. స్టోర్‌కి, లిస్ట్‌కి, డీకోడ్‌కి మూడింటికీ ఒకే దారి ఇవ్వాలి, లేకపోతే ఒకరు ఒక చోట రాస్తే ఇంకొకరు ఇంకోచోట వెతుకుతారు. నేను ఇలాగే వాడతాను. రోజు చివర్లో హిస్టరీ పోతుంది, పోనివ్వండి. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) డిస్కు మీద ఉంటే మెమరీలోది అక్కడికి జారే వీలుంది కాబట్టి డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉండటం మంచిది.

దొంగలూ హ్యాకర్లూ అని ఇంత చెప్పాను కానీ, నేను చూసినంతలో హిస్టరీ బయటపడేది చాలా మామూలుగా, స్క్రీన్ షేరింగ్‌లో. మీటింగ్‌లో పది మందికి స్క్రీన్ చూపిస్తూ అలవాటుగా సూపర్-షిఫ్ట్-వీ నొక్కుతారు. గత గంటలో కాపీ చేసినవన్నీ తెర మధ్యలో పెద్దక్షరాలతో పరుచుకుంటాయి. జీతం స్లిప్పు లింకు, టోకెన్, ఇంటికి పంపిన మెసేజీ. స్వేలో స్క్రీన్ మొత్తం షేర్ చేస్తే ఈ జాబితా కూడా అందులో భాగమే. మీటింగ్ ముందు క్లిప్‌హిస్ట్ వైప్ కొట్టడం ఒక పద్ధతి. ఇంకా తేలికైనది, జాబితా తెరిచే మీట కూడా క్లిప్-పాజ్ ఫైలుని చూసి, అదుంటే ఏమీ చూపించకుండా ఊరుకునేలా చేయడం. ఒక్క మీటతో రాయడమూ ఆగుతుంది, చూపించడమూ ఆగుతుంది.

ఆఫీసు ఉబుంటు సంగతికొస్తే, మీకు వచ్చిన ఎర్రర్ నిజమే చెబుతోంది. ఎక్స్11లో ఎవరైనా ఎవరి క్లిప్‌బోర్డ్‌నైనా అడగొచ్చు. వేల్యాండ్ దీన్ని కావాలనే మూసేసింది, ముందున్న విండోకి మాత్రమే చదివే హక్కు. వెనక కూర్చుని చదివే మేనేజర్ కోసం డేటా-కంట్రోల్ అని వేరే ప్రొటోకాల్ ఉంది. స్వేకి ఆధారమైన డబ్ల్యూఎల్‌రూట్స్ లైబ్రరీ వాళ్లు తెచ్చారు, స్వే, హైప్రల్యాండ్, కేడీఈ దాన్ని అందిస్తాయి, గ్నోమ్ కంపోజిటర్ అందించదు. అందుకే వాచ్ మోడ్ అక్కడ నడవదు. డబ్ల్యూఎల్-పేస్ట్ ఒట్టిగా కొడితే గ్నోమ్‌లో పని అవుతుంది కానీ దానికోసం అది కంటికి ఆనని విండో ఒకటి తెరిచి ఫోకస్ లాక్కుంటుంది. దాన్ని ప్రతి సెకనుకీ లూపులో నడిపి వాచ్‌లా వాడుకుందామని కొందరు సలహా ఇస్తారు. టైప్ చేస్తుంటే ఫోకస్ ఎగిరిపోతూ ఉంటుంది, వినకండి.

గ్నోమ్‌లో కమాండ్ లైన్ నుంచి కావాలంటే జీపేస్ట్ వాడండి. అది గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్‌తో కలిసి పనిచేస్తుంది. ఉబుంటు రిపాజిటరీల్లో ఉంది. జీపేస్ట్-క్లయింట్ హిస్టరీ అంటే జాబితా, సెలెక్ట్ అంటే దాన్ని క్లిప్‌బోర్డ్‌లోకి తేవడం, డిలీట్, ఎంప్టీ అంటే పేర్లు చెప్పినట్టే. పైన చెప్పిన గ్రెప్, ఎఫ్‌జెడ్‌ఎఫ్ పనులన్నీ కొద్ది మార్పుతో దీనితోనూ అవుతాయి. యాడ్-పాస్‌వర్డ్ అని ఒకటుంది, దాంతో పెట్టిన ఎంట్రీ జాబితాలో పేరుతో మాత్రమే కనిపిస్తుంది, అసలు పాఠం కనిపించదు. ఇది క్లిప్‌హిస్ట్‌లో లేని సౌకర్యం. లాగిన్ దగ్గర ఎక్స్11 సెషన్ ఎంచుకుని తప్పించుకుందామంటే ఆ దారి మూసుకుపోతోంది, ఉబుంటు 25.10లో గ్నోమ్ ఎక్స్11 సెషన్ తీసేశారు. కంపెనీ ల్యాప్‌టాప్ కదా, ఎక్స్‌టెన్షన్ వేసే ముందు ఐటీ వాళ్లనొక మాట అడగండి. కస్టమర్ డేటా చూసే బృందమైతే కాపీ హిస్టరీ రాసుకునే ప్రోగ్రాములే వద్దని నియమం ఉండొచ్చు.

ఎక్స్11 మీదే ఉన్న మింట్ సిన్నమన్ లాంటి వాటికి క్లిప్‌మెనూ బాగుంటుంది. డిఫాల్ట్‌గానే రన్‌టైమ్ డైరెక్టరీలో దాస్తుంది, ఆ బుద్ధి నాకు నచ్చింది. సీఎం_ఇగ్నోర్_విండో అనే వేరియబుల్‌లో కీపాస్ విండో పేరు ఇస్తే అది ముందున్నప్పుడు చేసిన కాపీలను పట్టించుకోదు. ఒక్కటే చేయాల్సింది, సీఎం_సెలెక్షన్స్‌లో క్లిప్‌బోర్డ్ ఒక్కటే ఉంచడం. ప్రైమరీ కూడా ఉంటే మీరు మౌస్‌తో నీలంగా ఎంచిన ప్రతి ముక్కా హిస్టరీలో చేరి, చదువుతూ ఊరికే గీసుకునే అలవాటున్నవాళ్లకు జాబితా చెత్తకుప్ప అవుతుంది. కేడీఈ వాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, క్లిప్పర్ ఉంది.

మిగిలింది తెలుగు. మీ జాబితాలో వత్తులు ఊడి పక్కకు పడుతున్నాయంటే మీరు రోఫీ లాంటిదే అయిన డీమెనూ అనే ప్రోగ్రాము వాడుతున్నారని ఊహిస్తున్నాను. అక్షరం బదులు ఖాళీ పెట్టెలు వస్తే ఫాంటు లేదని అర్థం, నోటో సాన్స్ తెలుగో లోహిత్ తెలుగో వేస్తే సరిపోతుంది. అక్షరాలు ఉండి వత్తులు, గుణింతాలు కలవకపోతే అది ఫాంటు తప్పు కాదు, కలిపే యంత్రం లేకపోవడం. డీమెనూ ఒక్కో కోడ్‌ని ఒక్కో బొమ్మగా పక్కపక్కన పేరుస్తుంది. స్త్రీ అనే మాటలో ఆరు కోడ్లు ఉన్నాయి, వాటిని ఒక్క అక్షరంగా మలిచే పని అది చేయదు. రోఫీ, వోఫీ, బీమెనూ పాంగో లైబ్రరీ వాడతాయి, వాటిలో తెలుగు సరిగ్గానే వస్తుంది. రోఫీ 2.0 నుంచి వేల్యాండ్ మద్దతు అందులోనే ఉంది. ఎఫ్‌జెడ్‌ఎఫ్ అయితే ఫలితం మీ టెర్మినల్ మీద ఆధారపడుతుంది, చాలా టెర్మినళ్లు తెలుగుకి గడుల లెక్క తప్పుతాయి, వరసలు ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి. అక్షరాలు ఎలా కనిపించినా డీకోడ్ చేసినప్పుడు పాఠం చెక్కుచెదరకుండా వస్తుంది కాబట్టి భయం లేదు. 100 అక్షరాల హద్దు కూడా కోడ్ల లెక్కే, అందువల్ల తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం కన్నా ముందే తెగిపోతుంది, తెగిన చోట కొన్నిసార్లు ఒట్టి పొల్లు మిగులుతుంది.

వెతుకులాటలో ఇంకో చిక్కుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట, వ కలిసిపోకుండా మధ్యలో కనిపించని జోడింపు-నిరోధక గుర్తు ఒకటి పెడతాం. వెబ్ పేజీల్లో కొన్నిచోట్ల అది ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. మీరు జాబితాలో ఆ మాట పూర్తిగా టైప్ చేసి వెతికితే, మీ కీబోర్డ్ ఆ గుర్తుని పెట్టిందా లేదా అన్నదాన్ని బట్టి దొరుకుతుంది లేదా దొరకదు, కంటికి రెండూ ఒకేలా ఉన్నా సరే. "సాఫ్" దాకా కొట్టి ఆగండి. లేదా లిస్ట్‌కి, రోఫీకి మధ్య ఒక సెడ్ పెట్టి ఆ గుర్తుని తీసేయండి. ముందున్న సంఖ్య అలాగే ఉంటుంది కాబట్టి డీకోడ్‌కి ఇబ్బంది లేదు, అసలు పాఠం గుర్తుతో సహా డేటాబేస్‌లోంచే వస్తుంది. గుర్తు లేకుండా జాబితాలో ఆ మాట కొంచెం వికారంగా కనిపిస్తుంది, మీరు కూడా ఆ గుర్తు లేకుండానే టైప్ చేయాలి, అంతవరకే.